అరువదియేండ్ల పిమ్మట బలసాధన



నేఁడు నేను ప్రసంగింపఁబోవు విషయమును వినఁగానే మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ముప్పదియేండ్లకు పైఁబడి తెలుఁగు పండితుఁడుగా పనిచేసి, పిల్లలచేత శబ్దమంజరిని, అమరకోశమును వల్లె వేయించిన ముసలివాఁడు బరువు లెత్తుటను గూర్చి యేమి చెప్పఁగలఁడు? ఇంత వ్యాకరణమో, ఇంత పురాణమో చెప్పి సెలవు పుచ్చుకొనినచో బాగుండునని తోఁపవచ్చును. కాని యిది నేను అరువదిమూఁడవ యేఁట మొదలిడి నాలుగేండ్లుగా విడువక చేయుచున్న పని. అందుచేత ఈ విషయమున నాకు కొంత యధికారము కలదని మనవి చేసికొనుచున్నాను.

నేను మాటాడునది పహిల్వానుల కొఱకు కాదు. పొలమును కౌలున కిచ్చి, అరుగుమీఁద కూర్చుండి పత్రిక చదువుకొను నావంటి వారి కొఱకు. భోజనము ముగించి పీటమీఁదనుండి లేచునపుడు ఒక చేయి నేలకానించి, మఱియొక చేయి గోడకానించి, "రామా" యని లేచువారి కొఱకు.

మాది పెదవేగి. ఒకప్పుడు శాలంకాయనులకును, పిమ్మట తూర్పు చాళుక్యులకును రాజధానియై వెలసిన వేంగీపురము. ఇప్పుడు చుట్టును పామాయిలు తోఁటలు, నిమ్మతోఁటలు, మొక్కజొన్న చేలు. నా చిన్ననాఁడు మా యింట నీరు నూతినుండి చేదుకొనిననే వచ్చెడిది. వడ్లు ఆఁడువారు రోఁకళ్ళతో దంచెడివారు. గడ్డిమోపు తలకెత్తుకొని చేనినుండి యింటికి వచ్చుట ప్రతి మగవానికిని నిత్యకృత్యము. ఆ దినములలో వ్యాయామమను మాట పుస్తకములలోనిదే కాని యింటిలోనిది కాదు. ఇప్పుడు మీట నొక్కిన నీరు పైకెక్కును. కోఁతకు యంత్రము, దమ్మునకు ట్రాక్టరు, వీథి చివరనున్న కొట్టునకు పోవుటకు మోటారుసైకిలు. ఈ సౌకర్యములను నేను నిందింపను. మా తల్లి రోఁకలి పట్టిన చేతులను చూచినవాఁడెవఁడును వానిని నిందింపఁజాలఁడు. అయినను పని పోయినది. పనితోపాటు కండయు పోవుచున్నది.

ఎంత పోవుచున్నది? ముప్పదియేండ్లు దాఁటిన పిమ్మట ప్రతి పదియేండ్లకును నూటికి 3 మొదలు 8 పాళ్ళవఱకు కండ కరఁగునని వైద్యశాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. అరువది దాఁటిన పిమ్మట ఆ వేగము ఇంకను హెచ్చును. బలము కండకంటెను త్వరగా తగ్గును. దీనికి సార్కోపీనియా యని 1989లో పేరు పెట్టిరి. గ్రీకుభాషలోనుండి తీసికొన్న ఆ పదమునకు మాంసదారిద్ర్యమని యర్థము చెప్పవచ్చును. పేరు నాకు నచ్చినది. దరిద్రము మెల్లఁగా వచ్చునప్పుడు ఎవరికిని తెలియదు. అప్పులవాఁడు వాఁకిటికి వచ్చిననాఁడు తెలియును.

నా బాల్యమిత్రుఁ డొకఁడు, నాతో ఒకే పలకమీఁద దిద్దినవాఁడు, శ్రావణమాసములో పాచిపట్టిన నూతిగట్టున కాలు జాఱి పడెను. తుంటియెముక విఱిగినది. శస్త్రచికిత్స చక్కగా జరిగినది. లోపల ఇనుము అమర్చిరి. కాని మంచమునుండి లేచి నడచుటకు కావలసిన సత్తువ ఆ కాళ్ళలో లేకపోయెను. పండుకొని యుండఁగా ఉన్న కాస్త కండయు కరఁగినది. ధనుర్మాసములో అతఁడు గతించెను. "ఎముక అతుక్కుందండి మాస్టారూ, కాళ్ళలో కండే లేదు" అని వైద్యుఁడు నాతో చెప్పిన మాట నేఁటికిని నా చెవిలో నున్నది. నన్ను ఈ పనికి పురికొల్పినది ఆ మాటయే.

పండితుల యింట పుట్టినవాఁడను గావున, మొదట శాస్త్రమేమి చెప్పుచున్నదో చూచితిని. అక్కడ ఒక పెద్ద యడ్డంకి యెదురైనది. వాగ్భటుఁడు అష్టాంగహృదయమున దినచర్యాధ్యాయములో వాతపిత్తరోగులును, బాలురును, అజీర్ణము గలవారును, వృద్ధులును వ్యాయామమును విడువవలయునని చెప్పినాఁడు. వృద్ధులను మాట స్పష్టముగా నున్నది. ఆయుర్వేదము చదువుకొన్న నా మిత్రుఁ డొకఁడు ఆ చోటు నాకు చూపి పుస్తకమును మూసి, "ఇంకేం కావాలి బావా?" యనెను.

పుస్తకమును అంత త్వరగా మూయరాదని నేనంటిని. సుశ్రుతుఁడు చికిత్సాస్థానమున వ్యాయామము చేయువానిని ముసలితనము హఠాత్తుగా వచ్చి యాక్రమింపదని ప్రశంసించినాఁడు. వయస్సును, బలమును, శరీరమును, దేశకాలములను, ఆహారమును చక్కగా పరీక్షించి చేయవలయుననియు, తన బలములో సగము వఱకే చేయవలయుననియు అతఁడే విధించినాఁడు. వయస్సును పరీక్షించి చేయుమనుటకును, వయస్సు మీఱినవాఁడు మానుమనుటకును చాల భేదము కలదు. ఇఁక చరకుఁడు వ్యాయామమునకు చెప్పిన లక్షణమును చూడుఁడు: దేహమునకు స్థిరత్వమును కలిగించి బలమును పెంచు చేష్ట వ్యాయామము, దానిని మాత్ర యెఱిఁగి చేయవలెను. ఇచట మాత్ర యనఁగా కొలఁత. వాగ్భటుఁడు వారించినది మల్లులు చేసెడి దండీలు, బస్కీలు, కుస్తీ మొదలగు కఠినవ్యాయామమనియు, కొలఁత గల చేష్టను కాదనియు నా సమన్వయము. నా మిత్రుఁడు దీనిని నేఁటికిని ఒప్పుకొనలేదు. ఒప్పుకొననక్కఱలేదు కూడ.

శాస్త్రములు రెండు విధముల పలికినపుడు ప్రత్యక్షము తీర్పు చెప్పవలెను. అమెరికాలోని బోస్టను నగరమున మరియా ఫియటరోన్ అను వైద్యురాలును, ఆమె సహచరులును 1990లో ఒక పరిశోధనను ప్రకటించిరి. వృద్ధాశ్రమమున నున్న 10 మందిని తీసికొనిరి. వారి సగటు వయస్సు 90 ఏండ్లు! వారిచేత ఎనిమిది వారములు, వారమునకు మూఁడు దినముల చొప్పున, కాళ్ళతో బరువు లెత్తించిరి. ఒకరు నడుమ మానిరి. తొమ్మండుగురు కడదాఁక నిలిచిరి. వారి కాళ్ళ బలము సగటున నూటికి 174 పాళ్ళు హెచ్చినది. అనఁగా మొదటిదానికి రెండున్నర రెట్లు మించినది. ఇద్దఱు చేతికఱ్ఱను ప్రక్కకు పెట్టిరి. తొంబదియేండ్ల కండ పాఠము నేర్చుకొనఁగా, అరువదియేండ్ల కండ నేను నేర్వననుట బడి యెగఁగొట్టు పిల్లవాని కడుపునొప్పివంటిది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన మార్గదర్శకములందును పెద్దలందఱు వారమునకు రెండు దినములకు తగ్గకుండ కండలకు పని చెప్పవలెననియు, అరువదియైదు దాఁటినవారు తూలి పడకుండుటకై బలమును, నిలుకడను పెంచు పనులను వారమునకు మూఁడు దినములు చేయవలెననియు కలదు.

బలమనఁగానే మనవారికి జ్ఞప్తికి వచ్చువారు కోడి రామమూర్తినాయుఁడుగారు. వీరఘట్టమున జన్మించి 1942లో గతించిన ఆ మహాబలుఁడు ఱొమ్ముపై ఏనుఁగును నిలుపుకొన్న ముచ్చటను మా తాతలు కథలు కథలుగా చెప్పెడివారు. ఆయన విజయనగరమున వ్యాయామోపాధ్యాయుఁడుగా నుండెనన్న సంగతి మాత్రము అంతగా చెప్పెడివారు కారు. ఉపాధ్యాయ వృత్తివాఁడను గావున నేను దానినే ముందు చెప్పుదును. నర్తనశాల చిత్రమున భీముఁడుగా కనిపించిన దండమూడి రాజగోపాలరావుగారు బరువు లెత్తుటలో పేరుగన్నవారే. విజయవాడలో ఆయన పేర క్రీడాప్రాంగణము కలదు. శ్రీకాకుళపు పల్లెలో పెరిగిన కరణం మల్లేశ్వరిగారు 2000వ సంవత్సరమున సిడ్నీ నగరమున ఒక విధమున 110 కిలోలను, మఱియొక విధమున 130 కిలోలను ఎత్తి, ఒలింపిక్ పతకమును గైకొన్న తొలి భారతస్త్రీ యయ్యెను. విజయనగరము చెంత కొండవెలగాడ యను పల్లెనుండి బరువు లెత్తు ఆఁడుపిల్లలు వరుసగా వచ్చుచున్నారు. ఇవన్నియు మనకు గర్వకారణములే. కాని మనము చూచునది పందెమునాఁటి బరువును. వారు మొదటినాఁడు ఎత్తిన బరువును ఎవరును చూడరు. దానిని చూచినచో మనకు వెఱపుండదు.

గ్రీకులకు మైలో యను మల్లుని కథ కలదు. అతఁడు ఒక దూడను ప్రతిదినము భుజముల కెత్తుకొనుచుండఁగా, అది పెరిగి యెద్దయ్యెను; అతని బలమును దానితో పెరిగెను. ఇది కథయే కావచ్చును. కాని 1945లో తోమస్ డిలోర్మ్ అను అమెరికా సైనికవైద్యుఁడు మోఁకాళ్ళు దెబ్బతిన్న సైనికులకు చికిత్స చేయుచు ఇదే మర్మమును పద్ధతిగా వ్రాసి ప్రకటించెను. రోగి పదిసారులు ఎత్తఁగల బరువు ఎంతయో కనుఁగొని, వారము వారమును కొలిచి, కొంచెము కొంచెముగా పెంచవలెను. తేలిక బరువును నూఱుసారులు ఊపుట వేఱు. తగినంత బరువును పదిసారులు ఎత్తుట వేఱు. రెండవదానివలననే బలము హెచ్చును. మనము బడిలో చేయునదియు ఇదియే కదా! గుణింతము రానిదే వత్తులు చెప్పము. వత్తులు వచ్చినపిమ్మట గుణింతమునే పదేండ్లు దిద్దింపము.

నేను మొదలిడిన విధమును చెప్పెదను. వ్యాయామశాలలు ఏలూరిలో కావలసినన్ని కలవు. కాని అందలి యద్దములను, పాటలను భరించు వయస్సు నాకు కాదు. ఒక ఖాళీ యూరియాసంచిని కడిగి, ఆఱఁబెట్టి, అందులో 4 కిలోల ఇసుక పోసి మూతి బిగించి కట్టితిని. ఇదియే నా దూడ. చేతులు లేని గట్టి కుర్చీ యొకటి, ఇంటిగోడ, రెండు బిందెలు: ఇంతకుమించి ఖర్చు లేదు.

కుర్చీలో కూర్చుండి, చేతులను ఱొమ్మునకు చేర్చి, లేచి నిలువఁబడి, మఱల మెల్లఁగా కూర్చుండవలెను. ధబ్బున కూలఁబడరాదు, కూర్చుండునపుడే తొడలకు ఎక్కువ విద్య వచ్చును. గోడకు రెండడుగుల దూరమున నిలిచి, అరచేతులు గోడ కానించి, ఱొమ్ము గోడను సమీపించువఱకు వంగి, మఱల తోసికొని లేవవలెను. ఇది తేలికయైన పిమ్మట గోడకు మాఱుగా అరుగు అంచును పట్టవలెను. ఒక చేయి బల్లమీఁద మోపి, వంగి, రెండవ చేతితో ఇసుకసంచిని నేలనుండి నడుమువఱకు లాగుట నూతిలోని నీరు చేదుటవంటిది, వీఁపునకు మంచిది. రెండు బిందెలలో సమముగా నీరు పోసి చెఱియొక చేతను పట్టుకొని పెరటిలో ఈ కొసనుండి ఆ కొసకు నడచుట మఱియొకటి. ఇక సంచిని నేలనుండి ఎత్తి నిలువఁబడుట అన్నిటికంటెను ముఖ్యము. దీనిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను.

మా ప్రాంతమున పామాయిలు గెలలను కోసి ట్రాక్టరులో కెత్తు కూలీలను మీరు చూచియే యుందురు. ఒక్కొక్క గెల పది మొదలు పాతిక కిలోల దాఁక తూఁగును. ఆ పనివారిలో నడివయస్సు దాఁటిన యొకనిని, "ఏమయ్యా, నడుము నొప్పి రాదా?" యని యడిగితిని. అతఁడు నవ్వి, "దగ్గరికి లాక్కుని ఎత్తితే ఏం రాదండి మాస్టారూ. చేతులు చాపి ఎత్తారంటే మాత్రం పట్టేస్తదండి" యనెను. నాకు త్రాసు జ్ఞప్తికి వచ్చినది. కాడ యెంత పొడవైన, చివరనున్న బరువు అంత ఎక్కువగా లాగును. చేతులు చాఁచి పట్టిన పదికిలోల సంచి నడుమునకు ఎన్నో కిలోలై తోఁచును. కావున సంచిని పాదములనడుమ నుంచుకొని, పిఱుదులను వెనుకకు త్రోసి, మోఁకాళ్ళు వంచి, వీఁపు నిటారుగా నుంచి, సంచిని పొట్టకు చేర్చుకొని కాళ్ళతో లేవవలెను. పట్టభద్రులు వ్రాసిన పుస్తకములలో చదివినదానికంటె ఆ కూలివాని మాట నాకు ఎక్కువగా ఉపకరించినది.

ఎత్తునపుడు ఊపిరి విడువవలెను, దించునపుడు పీల్చవలెను. ప్రాణాయామము చేయువారికి కుంభకము అలవాటు. ఇచట కుంభకము పనికిరాదు. ఊపిరి బిగఁబట్టి బరువెత్తినచో రక్తపుపోటు ఒక్కసారిగా హెచ్చును.

ఒక్కొక్క పని ఎనిమిది మొదలు పండ్రెండుసారులు. కొంత విశ్రమించి మఱియొక యావృత్తి. ఇంక రెండు మూఁడుసారులు చేయఁగలననిపించునపుడే ఆఁపవలెను. సుశ్రుతుని అర్ధబలమునకు ఇది సరిగా సమానము కాకున్నను, దానికి దగ్గఱ బంధువే. రెండు దినములు వరుసగా రెండావృత్తులును పండ్రెండుసారులు నిబ్బరముగా జరిగినచో, సంచిలో అరకిలో ఇసుక చేర్చవలెను. అంతకు మించవలదు. మా వీథిలో ఒకాయన మొదటివారమే పాతిక కిలోల బియ్యపుబస్తా నెత్తి, రెండవవారము నడుమునకు కాపడము పెట్టుకొని, ఈ విద్యయే అబద్ధమని ఊరంతయు చాటెను. నేను మొదలిడినది 4 కిలోలతో. నాలుగేండ్లకు ఇప్పుడు 30 కిలోలు ఎత్తుచున్నాను. పామాయిలు కూలివాఁడు దీనిని చూచి నవ్వును. నవ్వనిండు.

నాకు మంగళ శుక్రవారములు సాధన దినములు. మంగళవారము క్రొత్తపని మొదలిడరాదనువారు బుధవారము మొదలిడుదురు గాక! అరగంటకు మించి పట్టదు. నడుమ రెండు దినములైన ఎడముండవలెను. కండ పెరుగుట ఎత్తునపుడు కాదు, విశ్రమించునపుడు. మఱునాఁడును, ఆ మఱునాఁడును తొడలు కొంత నొచ్చును; అది సహజము, తనంతట పోవును. కీలులో సూదిపోటువంటి నొప్పి కలిగిన, అది వేఱు. ఆ పని ఆఁపవలెను.

మొదలిడుట సులభము, నిలుచుటయే కష్టము. మొదటి మూఁడు నాలుగు వారములలో బలము వేగముగా హెచ్చును. అది కండ పెరిగినందువలన కాదు. ఉన్న కండను పిలిచి పని చేయించు నేర్పు నరములకు వచ్చినందువలన. పిమ్మట కండ నిజముగా పెరుగవలసిన కాలము వచ్చును. అది మెల్లఁగా సాఁగును, అద్దములో కనఁబడదు, విసుగు పుట్టును. బడిలో దసరా సెలవుల పిమ్మట పిల్లలు మానిపోయినట్లు, పెద్దలు సాధన మానునది అప్పుడే. దీనికి నాకు తెలిసిన మందు హాజరుపట్టిక యొక్కటియే. నలువది పుటల నోటుపుస్తకములో తేది, బరువు, ఎన్నిసారులు అనునవి వ్రాయుదును. రానినాఁడు గైరుహాజరు వేయుదును. వరుసగా రెండు గైరుహాజరులు పడరాదని నియమము. ఒంటిలో బాగులేనినాఁడు కుర్చీపని యొక్కటే చేసి హాజరు వేసికొందును. ఇది మోసము కాదు. బడికి వచ్చి నిద్రపోయిన పిల్లవాఁడైనను ఇంటనున్నవానికంటె నయము.

నవ్వువారు నవ్విరి. ప్రక్కయింటి యబ్బాయి, "ఏం బాబాయిగారూ, ఈ వయసులో కోడి రామ్మూర్తి అవుదామనా?" యని యడిగెను. "కాదురా అబ్బాయి, పీట మీంచి లేద్దామని" అంటిని. ఇప్పుడు అతని తల్లియే మా పెరటికి వచ్చి చేయుచున్నది. మా యింటిదియు మొదట, "ఏమండీ, ఆ యూరియాసంచి నేను ముట్టను" అని, తన ప్రాఁతచీరతో వేఱొక సంచి కుట్టుకొని మొదలిడినది. ఆఁడువారికి ఇది మఱింత యవసరము. ముట్లుడిగిన పిమ్మట వారి యెముకల సాంద్రత త్వరగా తగ్గును. బరువు మోయు ఎముక గట్టిపడుటకు యత్నించును. ఇంటిపని చాలదా యని మగవారు వాదింపవచ్చును. ఇంటిపనిలో అలసట కలదు కాని బరువును క్రమముగా పెంచు పద్ధతి లేదు.

మొన్నటి వానకాలమున నాకు జ్వరము వచ్చి మూఁడు వారములు పుస్తకమున గైరుహాజరులే పడినవి. లేచిన పిమ్మట సగము బరువుతో మొదలిడితిని. పోయినదంతయు నెలలోపల తిరిగి వచ్చెను. ఒకసారి కంఠస్థమైన శ్లోకము మఱచినను, మఱల చదివిన త్వరగా వచ్చును. కండకును అట్టి స్మృతి కలదని శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. పెండ్లిండ్లు, కోఁతలు, పుష్కరములు వచ్చుచునే యుండును. మానిన దినములను లెక్కింపక, తిరిగి వచ్చిన దినమును లెక్కింపవలెను.

ఆహారమును గూర్చి ఒక్కమాట. పచ్చడిమెతుకులతో కండ రాదు. దేహపు బరువు కిలోకు ఒక గ్రాము చొప్పునైనను మాంసకృత్తులు వయసు మీఱినవారికి కావలెను. పప్పు, పెరుగు, సెనగలు, మినుములు మావంటివారికి. కొల్లేటి చేఁపలు, గ్రుడ్లు తినువారికి ఇంకను సులభము. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని యడుగవలెను. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపుపోటు, హెర్నియా, ఈ నడుమ కంటి శస్త్రచికిత్స గలవారును వైద్యుని యనుమతి లేక సంచిని ముట్టరాదు. ఎత్తుచుండఁగా ఱొమ్మున నొప్పియో, తల తిరుగుటయో కలిగినచో వెంటనే ఆఁపి ఆసుపత్రికి పోవలెను.

మొదలిడుటకు ముందు ఒక లెక్క చేయుఁడు. కుర్చీని గోడకానించి, ఎవరినైన గడియారము పట్టుకొని ప్రక్కను నిలువుమని, చేతులు ఱొమ్మునకు చేర్చి, 30 సెకండ్లలో ఎన్నిసారులు పూర్తిగా లేచి కూర్చుండఁగలరో లెక్కింపుఁడు. అరువదియైదు మొదలు అరువదితొమ్మిది యేండ్ల మగవారికి 12, ఆఁడువారికి 11 కంటె తక్కువైనచో, పడిపోవు ప్రమాదము ఎక్కువని వైద్యులు భావింతురు. వచ్చిన సంఖ్యను, తేదిని నోటుపుస్తకపు మొదటిపుటలో వ్రాసి యుంచుఁడు. మూఁడు మాసముల పిమ్మట అదే కుర్చీలో మఱల లెక్కించి, దాని క్రిందనే వ్రాయుఁడు. నాకిచ్చిన సమయము ముగిసినది. సెలవు.